దారి తీసిన చేతులు

సీతమ్మధారలో మా మేడ మీద నిలబడితే ఉత్తర దిక్కున సింహాచలం కొండల వరుస కనిపిస్తుంది. ఫజ్ర్ నమాజు ముగించుకొని మేడ ఎక్కే వేళకు ఆ కొండల నడుమ పొగమంచు ఇంకా విడిపోకుండా ఉంటుంది. మా పేట పేరులోనే ‘ధార’ ఉన్నది. కొండ ఉన్నచోట నీటిధార ఉంటుంది. ధార ఉన్నచోట అది నడిచే దారి ఒకటి ఉంటుంది. ఇప్పుడు ఇక్కడ అపార్టుమెంట్లు, రైతుబజారు, గురుద్వారా కూడలిలో వాహనాల రద్దీ తప్ప వేరే ధారలేమీ కనిపించవు. కాని గట్టి వాన ఒక్కటి కురిసిందంటే చాలు, కొండనీరు తన పాత హక్కును గుర్తుచేసుకొని మా వీధుల్లోకి దిగి వస్తుంది.

ఈ నగరవాసులు మరువలేని దినం 2014 అక్టోబరు 12. ఆనాడు విశాఖ తీరాన్ని దాటిన పెనుతుపానుకు ‘హుద్‌హుద్’ అని పేరు. ఒమన్ దేశం సూచించిన పేరది. సులైమాన్ ప్రవక్త (అ) సన్నిధికి సబా రాజ్యపు వార్తను మోసుకువచ్చిన పక్షి పేరు అదేనని నమ్ల్ సూరా చదివినవారందరికీ తెలుసు. మరునాటి ఉదయం మా వీధి వీధిలా లేదు. వేళ్ళతో సహా పెకలిన చెట్లు, వంగిన కరెంటు స్తంభాలు, వాటి మీద ఎగిరివచ్చి పడిన రేకులు. ఇరుగుపొరుగువారు గొడ్డళ్ళు, రంపాలు, తాళ్ళు పట్టుకొని బయటికి వచ్చారు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ కలిసి కొమ్మలు నరికి ప్రక్కకు లాగారు. నేను గేటు దగ్గర తెల్లని దుస్తులలో నిలబడి సహనం గురించి నాలుగు మంచి మాటలు చెప్పాను. గొడ్డలి మాత్రం పట్టలేదు. ఆ సంగతి అప్పట్లో నాకు లోపంగా తోచలేదు. ఇన్నేళ్ళ తరువాత ఒక కొండదారిలో అది నాకు తెలిసివచ్చింది. ఈ వ్యాసం ఆ ప్రయాణాన్ని గురించినది.

మంచుగోడల మధ్య సైకిలు

ఈ ప్రయాణానికి బీజం వేసినది నా పూర్వవిద్యార్థి ఒకడు. అతడు కాశ్మీరులో సోనామర్గ్ ఆవల, జోజిలా కనుమ క్రింద తొలుస్తున్న సొరంగం పనిలో యంత్రం నడుపుతాడు. 13 కిలోమీటర్లకు పైబడిన ఆ సొరంగాన్ని 2020 అక్టోబరులో తొలవనారంభించినది హైదరాబాదుకు చెందిన సంస్థ. అందువల్ల ఆ మంచుకొండల్లో తెలుగు మాట వినిపించడం ఇప్పుడు వింత కాదట. ఒక వసంతకాలంలో అతడు నా ఫోనుకు చిన్న వీడియో పంపాడు. ఇరుప్రక్కలా మనిషికి మూడు నాలుగింతల ఎత్తున తెల్లని మంచుగోడలు. నడుమ నల్లని ఇరుకుదారి. ఆ దారిలో ఒక యువకుడు ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు.

జోజిలా ఎత్తు 3,528 మీటర్లు. శ్రీనగర్ నుండి లడఖ్‌కు పోయే రహదారి ఆ కనుమ మీదుగానే సాగుతుంది. శీతకాలంలో మంచు కురిసి దారి మూతబడుతుంది. ఒకప్పుడు ఏడాదిలో ఐదారు నెలలు మూసే ఉండేది. 1960 మే 7న ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థవారు ప్రతి ఏటా ఆ మంచును తొలగిస్తారు. ఒక బృందం సోనామర్గ్ వైపు నుండి, మరొక బృందం ద్రాస్ వైపు నుండి తవ్వుకుంటూ వచ్చి నడుమ కలుసుకుంటాయి. 2023లో జనవరి 6 వరకు తెరిచి ఉన్న దారిని మార్చి 16న, అంటే 68 రోజులకే, మరల తెరిచారు. తిరుగుడు కత్తులున్న యంత్రం మంచును కోసి దూరంగా చిమ్ముతూ పోతుంది. వెనుక బుల్‌డోజర్లు దారిని వెడల్పు చేస్తాయి. పైన వాలు మీది మంచు ఏ క్షణాన జారునో చూడటానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నిలబెడతారు. పగటి ఎండకు కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి, తెల్లవారేసరికి దారి అద్దంలా జారుడుగా ఉంటుంది. మధ్యాహ్నానికి అదే దారి బురదముద్ద. సైకిలు మీద పోయేవారికి రెండు వేళలూ పరీక్షే.

ఆ వీడియోను తరగతిలో పిల్లలకు చూపించాను. పూర్వకాలపు యాత్రికుడు ఇబ్ను బతూతా క్రీ.శ. 1333 ప్రాంతంలో హిందూకుష్ కనుమ దాటినప్పటి ముచ్చట కూడ చెప్పాను. ఎండలు వచ్చేదాకా ఆయన బృందం కొండ క్రిందనే విడిది చేసింది. దాటేటప్పుడు ఒంటెలు మంచులో కూరుకుపోకుండా వాటి కాళ్ళ ముందు ఉన్ని కంబళ్ళు పరుస్తూ నడిపించారు. పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. ఒకడు లేచి, “ఉస్తాద్‌జీ! మనకు అలాంటి కనుమ లేదా?” అని అడిగాడు.

“మనకు మంచు లేదు గాని కనుమ ఉంది. అనంతగిరి ఘాటు ఉంది” అన్నాను.

“మీరు సైకిలు మీద ఎక్కగలరా?” అని వాడి రెండవ ప్రశ్న. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అనంతగిరి ఘాటు పేరును నేను ఇంట్లో గాని, మదరసాలో గాని పలికి ఎన్నో ఏళ్ళయింది.

ఒక మాట, ఒక చూపు

మా అబ్బా ఆ ఘాటురోడ్డు మీద గ్యాంగు కూలీ. శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా అరకుకు పోయే దారిలో గుంతలు పూడ్చడం, ప్రక్కకాలువలు తీయడం, వానలకు కొండ జారి పడిన మట్టినీ బండలనూ తొలగించడం ఆయన పని. గునపం, పార, తట్ట ఆయన పనిముట్లు. నా చిన్నతనంలో ఆయన అరచేతులతో నా చెంప నిమిరితే గరుకుగా ఉండి ముఖం త్రిప్పుకునేవాడిని. ఆ చేతుల సంపాదనతోనే నన్ను పరరాష్ట్రంలోని దీనీ విద్యాలయానికి పంపాడు.

అక్కడ ప్రవేశపత్రంలో తండ్రి వృత్తి వ్రాయవలసిన గడిలో నేను ‘సర్కారీ ములాజిం’ అని వ్రాశాను. అది అబద్ధం కాదు. అందుకే అది మరింత ప్రమాదకరమైన మాట. ఏళ్ళు గడిచి దస్తార్‌బందీ సభ జరిగింది. నా తలకు పట్టపు తలపాగా చుట్టిననాడు అబ్బా రెండు రోజులు రైలు ప్రయాణం చేసి వచ్చాడు. మా పెద్ద గురువుగారు ఆయన చేయి పట్టుకొని, తమరు ఏం చేస్తుంటారని ఆదరంగా అడిగారు. అబ్బా నోరు తెరిచేలోగా నేను ముందుకు వచ్చి, “సర్కారీ ములాజిం” అన్నాను. అబ్బా నా వైపు ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు. ఆ తరువాత తన చేతులను కుర్తా జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆయన అల్లాహ్ సన్నిధికి చేరి పదిహేడేళ్ళు. ఆ మాటకు క్షమాపణ అడగాలని ఎన్నోమారులు అనుకున్నాను. అడగలేదు.

బయలుదేరుట

నాకిప్పుడు యాభై నాలుగేళ్ళు. చక్కెర వ్యాధి వచ్చి నాలుగేళ్ళయింది. రోజూ వ్యాయామం చేయమని వైద్యుడు చెప్పినప్పుడు పూర్వవిద్యార్థులు కలిసి నాకొక గేర్ల సైకిలు కొనిపెట్టారు. ఉదయం బీచ్‌రోడ్డు దాకా పోయివచ్చే అలవాటు అయింది. ఆ సెప్టెంబరు నెలాఖరున పరీక్షల సెలవులు వచ్చినప్పుడు అరకు దాకా వెళ్ళివస్తానని ఇంట్లో చెప్పాను. మా ఇంటావిడ నా ముఖం చూసి, “మామగారి రోడ్డుకా?” అని మాత్రం అడిగింది. అటుకులు, ఖర్జూరాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, మాత్రలు మూటగట్టి ఇచ్చింది.

మొదటి రోజు ప్రయాణం సులువే. ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం, పెందుర్తి దాటేసరికి నగరం వెనుకబడింది. కొత్తవలస దగ్గర రైలుగేటు ప్రక్కన ఆగి నీళ్ళు త్రాగుతుండగా ఇనుప ఖనిజం నింపుకొన్న గూడ్సు బండి ఒకటి పోయింది. బైలడిల్లా గనుల నుండి కొండలు దిగి విశాఖ రేవుకు చేరే ఖనిజం అది. 1960 దశకంలో వేసిన ఆ కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి. నగరంలో మనం చూసే ఓడరేవు వెలుగుల వెనుక ఎన్ని కొండల్లో ఎందరి చేతులు దారులు తొలిచాయో అని మొదటిసారి అనిపించింది. లక్కవరపుకోట మీదుగా మధ్యాహ్నానికి శృంగవరపుకోట చేరాను. అక్కడ మా మేనమామ కుమారుడి ఇంట విశ్రమించాను. రాత్రంతా వాన కురిసింది.

మరునాడు ఫజ్ర్ తరువాత ఘాటు వైపు సాగాను. వాన వెలిసింది. వరిచేలు, తాటిచెట్లు, మామిడితోటలు వెనుకబడి, దారి నెమ్మదిగా తల ఎత్తింది. కొండదారి సైకిలుకు ఒక మర్యాద నేర్పుతుంది. తొందరపడితే ఊపిరి పోతుంది. ఆగితే కాళ్ళు బిగుసుకుంటాయి. చిన్న గేరులో పెట్టి, ఒక మలుపు నుండి మరొక మలుపు దాకా మాత్రమే ఆలోచించాలి. నేను ప్రతి మలుపుకు ఒక తస్బీహు చొప్పున లెక్కపెట్టుకున్నాను. టైడా దాటేసరికి చొక్కా పిండితే నీరు కారేలా ఉంది. రోడ్డు ప్రక్క సిల్వర్‌ఓక్ చెట్లు నిటారుగా, వాటికి అల్లుకున్న మిరియపు తీగలు, క్రింద నీడలో కాఫీ మొక్కలు. ఈ కొండల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. లోయలో ఎక్కడో నీటి హోరు వినిపిస్తున్నది గాని కనిపించడం లేదు.

కొండ జారినచోట

డముకు సమీపంలో ఒక మలుపు తిరిగేసరికి వాహనాల వరుస కనిపించింది. బస్సులు, కార్లు, కూరగాయల వ్యానులు ఆగిపోయాయి. రాత్రి వానకు కొండచరియ జారి దారికి అడ్డంగా పడింది. ఎర్రమట్టి, బండరాళ్ళు, వేళ్ళతో సహా రెండు చెట్లు. ఒక జేసీబీ అప్పటికే పని మొదలుపెట్టింది. ప్రక్కన ఎనిమిది తొమ్మిదిమంది కూలీలు. వారిలో సగం మంది ఆదివాసీ స్త్రీలు.

ఈ కొండల రాయిని ఖోండలైట్ అంటారు. ఇక్కడి కోందు ఆదివాసుల పేరు మీదనే భూగర్భశాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. ఎండవానలకు ఆ రాయి శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. దానిలో నీరు ఇంకితే బరువెక్కి, పట్టు వదిలి జారుతుంది. దారి కోసం కొండ పాదాన్ని కోసినచోట ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

మొదట నేనూ అందరివలె నిలబడి చూశాను. వాహనాలవారు ఫోనులో మాట్లాడుకుంటూ, ఇంకా ఎంతసేపని విసుక్కుంటున్నారు. జుహ్ర్ వేళ సమీపిస్తున్నది. నాలోని ఉస్తాదు అప్పుడొక మసలా లేవనెత్తాడు. మా హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణాన్ని సంకల్పించి ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిరు. అతడు నాలుగు రకాతుల ఫర్జు నమాజును రెండుగా చదువుతాడు. కాని ఆ దూరం పూర్తికాకముందే వెనుదిరగాలని నిశ్చయించుకుంటే ఆ క్షణమే అతడు ముసాఫిరు కాడు. నాలుగు రకాతులూ చదవాలి. నగర పొలిమేర నుండి నేను ఇంకా అంత దూరం రాలేదు. అంటే నా నమాజు ఎన్ని రకాతులన్నది నా మనసులోని నిర్ణయం మీద ఆధారపడి ఉంది. వెనుదిరుగుతానా? ముందుకు పోతానా?

ఆ ఆలోచనలో ఉండగానే మేస్త్రీ కేక వినిపించింది. “ముందల కాలవ తియ్యండర్రా! నీరు పోకుండా మట్టి ఎత్తితే మళ్ళీ జారతాది!”

నేను ఉలిక్కిపడ్డాను. అబ్బా మాట అది. వానాకాలం రాత్రులు తడిసి ఇంటికి వచ్చి అన్నం తింటూ ఆయన అమ్మీతో చెప్పేవాడు, ముందు నీటికి దారి చూపాలి, అప్పుడే కొండ మనకు దారి ఇస్తుందని. అది మాటవరుసకు చెప్పిన సుభాషితమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఆయన పనివిధానమని ఆ రోజు కళ్ళారా చూశాను. కొండవైపు కాలువ మట్టితో నిండితే నీరు రోడ్డు మీదికి ఎక్కుతుంది. రోడ్డు మీది నీరు లోయవైపు అంచును కోసుకుపోతుంది. అప్పుడు దారే లేకుండా పోతుంది. యంత్రపు తొట్టి కల్వర్టు నోటిలోకి పట్టదు. అక్కడ మనిషి చేతులే దిగాలి.

హదీసు గ్రంథాలు బోధించడం మొదలుపెట్టి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. విశ్వాసానికి డెబ్బైకి పైగా శాఖలున్నాయనీ, వాటిలో అత్యున్నతమైనది అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడనే సాక్ష్యమనీ, దారిలోని బాధాకర వస్తువును తొలగించడం కూడ వాటిలో ఒకటనీ దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ చివరి శాఖను చెప్పేచోట ‘అద్నా’ అనే అరబీ పదం వస్తుంది. ‘అన్నిటికన్నా క్రిందిది’ అని ప్రతి ఏటా అర్థం చెప్పి ముందుకు సాగిపోయేవాడిని. ఆ పదానికి ‘అన్నిటికన్నా దగ్గరిది’ అనే అర్థం కూడ ఉందని నాకు తెలుసు. నిఘంటువులో తెలుసు. ఆ బురద ముందు నిలబడినప్పుడు ఆ అర్థం నన్ను తాకింది. నాకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న శాఖ అది. మా ఇంట్లో, మా అబ్బా చేతుల్లో ఉండినది. దానిని నేను క్రిందిదని మాత్రమే చూశాను.

సైకిలును రాతిగోడకు ఆనించాను. పైజమా మోకాళ్ళ దాకా మడిచి, మేస్త్రీ దగ్గరకు పోయి నాకొక తట్ట ఇమ్మన్నాను.

ఆయన నన్ను పైనుండి క్రింది దాకా చూశాడు. “మీకెందుకు బాబూ ఈ బురద? మీరు పెద్దోరు. గంటో రెండు గంటలో దారైపోద్ది, అలాగ కూకోండి.”

“మా నాన్నగారు ఈ రోడ్డు మీదనే గ్యాంగు కూలీగా పనిచేశారు” అన్నాను. యాభై నాలుగేళ్ళ జీవితంలో ఆ వాక్యాన్ని ఒక పరాయి మనిషి ముందు పలకడం అదే మొదటిసారి. గొంతు వణికింది. మేస్త్రీకి అందులో విశేషమేమీ కనిపించలేదు. “అలాగా బాబూ” అని, ఒక నడివయసు స్త్రీని పిలిచి, “ఈ బాబుకి తట్టియ్యే. కొండకింద నిలబడనీకు” అన్నాడు.

గొప్పగా పనిచేశానని చెప్పుకోను. ఆమె పారతో మట్టి ఎత్తి నా తట్టలో వేసేది. నేను మోసుకుపోయి లోయవైపు పోసేవాడిని. పది తట్టలకు నడుము పట్టేసింది. ఇరవయ్యవ తట్టకు అరచేయి బొబ్బలెక్కింది. నేను ఒక తట్ట మోసేలోపు ప్రక్క స్త్రీలు మూడు మోసేవారు. నా చేతకానితనం చూసి ఆమె తట్టలో సగమే నింపడం మొదలుపెట్టింది. నేను గమనించానని ఆమెకు తెలుసు. ఇద్దరమూ ఏమీ అనుకోలేదు. ఒక కుర్రవాడు మాత్రం పనిచేయకుండా కొండ వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. మొదట సోమరి అనుకున్నాను. చిన్న గులకరాళ్ళు జారడం మొదలుకాగానే వాడు గట్టిగా ఈల వేశాడు. అందరూ ఒక్క ఉదుటున వెనుకకు పరుగెత్తారు. ఆమె నా మోచేయి పట్టి లాగింది. మరుక్షణం మేము నిలబడినచోట బిందెడంత రాయి వచ్చి పడింది. జోజిలాలో మంచువాలును కనిపెట్టి నిలబడే మనిషి గురించి తరగతిలో చెప్పిన నేను, కళ్ళెదుట అదే పని చేస్తున్నవాడిని సోమరి అనుకున్నాను.

అబ్బా ఇలాంటి రాళ్ళ క్రింద ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. ఆ సంగతి ఆయన ఎన్నడూ మాకు చెప్పలేదు.

రెండు రకాతులు

కల్వర్టు నోరు తెరుచుకోగానే నిలిచిన నీరు ఒక్కసారిగా గుడగుడమంటూ లోపలికి దూకింది. కూలీలందరూ ఆ శబ్దానికి సంతోషంగా అరిచారు. కొంతసేపటికి కాలువలో నీరు తేటపడింది. ఆ నీటితోనే వుజూ చేసుకున్నాను. బొబ్బలు చిట్లినచోట చల్లగా మండింది. ఆమె ఒక ప్లాస్టిక్ పట్టా తెచ్చి రోడ్డు మీద పరిచింది. కూరగాయల వ్యాను డ్రైవరు నమాజుకు అడ్డం రాకుండా తన బండిని కొంచెం వెనుకకు తీశాడు.

వెనుదిరిగే ఆలోచన నాకు లేదు. రెండు రకాతులే చదివాను. సలాం తరువాత చేతులెత్తి దుఆ చేయబోతే, ఎదురుగా నా అరచేతులు కనిపించాయి. ఎర్రమట్టి, చిట్లిన బొబ్బలు. కొద్ది గంటలపాటు అవి మా అబ్బా చేతులను పోలి ఉన్నాయి. ఆ రోజు నేను చేసిన దుఆలో మాటలు చాలా తక్కువ.

అస్ర్‌కు ముందు ఒక ప్రక్క దారి తెరిచారు. మొదట సైకిలు, మోటారుసైకిళ్ళను వదిలారు. మేస్త్రీ చేయి ఊపి, “ఎల్లండి బాబూ, బద్రం” అన్నాడు. ఇరుప్రక్కలా నడుము ఎత్తు ఎర్రమట్టి గోడలు. నడుమ తడిసిన ఇరుకు దారి. నాకు ఆ వీడియోలోని మంచుగోడలు గుర్తుకు వచ్చాయి. ఆ యువకుడిని చూసి మనమందరం సాహసి అంటాము. అతడు సాహసియే, సందేహం లేదు. కాని ఆ వీడియోలో కనిపించనివారు అతడికి ముందుగా ఆ దారిలో నడిచారు. దారిని దాటినవాడికి పేరు వస్తుంది. దారిని తీసినవాడికి కూలి వస్తుంది. ఆ రెండింటికీ మించిన ప్రతిఫలం ఎవరికి ఎంత అన్నది అల్లాహ్‌కే తెలుసు. దారిలోని ముళ్ళకొమ్మను తొలగించిన ఒక మనిషిని అల్లాహ్ ఆ ఒక్క పనికే మెచ్చి మన్నించాడని హదీసు చెబుతున్నది. మరి ఇరవై ఏళ్ళు కొండను తొలగించినవారి సంగతి?

అనంతగిరి చేరేసరికి మబ్బులు రోడ్డు మీదికి దిగాయి. చలికి దంతాలు కొట్టుకున్నాయి. రాత్రి అక్కడే ఒక చిన్న వసతిగృహంలో ఉండి, మరునాడు గాలికొండ ఎక్కాను. వేయి మీటర్లకు పైబడిన ఆ ఎత్తు నుండి చూస్తే కొండల వెనుక కొండలు నీలంగా, వాటి నడుమ మనం వచ్చిన దారి సన్నని దారంలా కనిపిస్తుంది. సుంకరిమెట్ట మీదుగా అరకు లోయలోకి దిగడం ఆటలా ఉంది. బ్రేకులు మాత్రం విడిచి విడిచి పట్టాలి, లేకుంటే వేడెక్కుతాయి.

తిరిగివచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గర ఆగాను. మట్టి అంతా తీసేశారు. కాలువ శుభ్రంగా ఉంది. నీరు కల్వర్టులోకి నిశ్శబ్దంగా పోతున్నది. బస్సులు ఆగకుండా దూసుకుపోతున్నాయి. లోపలివారెవ్వరూ అటు తల త్రిప్పి చూడలేదు. చూడవలసిన అవసరమూ వారికి లేదు. దారి బాగుంటే ఎవరూ దారిని చూడరు.

తరగతి గది బయట

సెలవులు ముగిశాక పిల్లలు నా చేతుల పట్టీలు చూసి పడిపోయారా అని అడిగారు. పడలేదన్నాను. ఆనాటి పాఠం కోసం గ్రంథం తెరవలేదు. మదరసా ముందు ప్రక్కకాలువ ప్లాస్టిక్ సంచులతో, ఎండుటాకులతో పూడిపోయి ఉన్నది. ప్రతి వానకూ వీధిలో వృద్ధులు మోకాలి లోతు నీటిలో మస్జిదుకు వచ్చేవారు. పారలు, తట్టలు, చేతితొడుగులు తెప్పించాను. మొదటి పార నేను వేశాను. తరువాత పిల్లలు వేశారు. కాలువ తీయడం పూర్తయ్యాక, అక్కడే గట్టు మీద కూర్చొని అబ్బా సంగతి చెప్పాను. ప్రవేశపత్రం సంగతి చెప్పాను. దస్తార్‌బందీ నాడు నేను అడ్డుపడి చెప్పిన జవాబు కూడ చెప్పాను. ఉస్తాదు తన తప్పును శిష్యుల ముందు చెప్పుకోవడం తేలిక కాదు. తట్ట మోయడమే తేలిక.

పిల్లలు మౌనంగా విన్నారు. “మీరు ఎక్కగలరా?” అని అడిగిన ఆ కుర్రవాడు చివరకు, “ఉస్తాద్‌జీ! మా అబ్బా కూడ కాలువలు తీస్తారు. నేను కార్పొరేషన్‌లో ఉద్యోగం అని చెప్పాను” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను వాడిని దగ్గరకు తీసుకొని, ఆ సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాడి తండ్రి చేయి కడుక్కొని వస్తానని లోపలికి పోబోతే, వద్దని ఆ చేతినే పట్టుకొని ముసాఫహా చేశాను.

ప్రియ పాఠకులారా! మీ ఇంట్లో, మీ వంశంలో ఎవరో ఒకరు దారి తీసినవారు తప్పక ఉంటారు. బావి తవ్వినవారు, రేవులో మూటలు మోసినవారు, ఉక్కు కర్మాగారంలో కొలిమి ముందు నిలిచినవారు, ఇతరుల ఇళ్ళలో అంట్లు తోమి పిల్లలను చదివించినవారు. వారు సజీవంగా ఉంటే ఈ రోజే వారి చేతులను మీ చేతుల్లోకి తీసుకోండి. వారి పని పేరును వారి ముందే, నలుగురిలో, స్పష్టంగా పలకండి. నాకు ఆ అవకాశం మిగలలేదు. నాకు మిగిలినది దుఆ ఒక్కటే.

ఓ అల్లాహ్! దారులు తీసి అలసిన చేతులన్నిటినీ కరుణించు. మా అబ్బా సమాధిని విశాలపరచు. ఆయన మా కోసం తెరిచిన దారిలో నడిచే మమ్మల్ని, మా తరువాతివారి కోసం ఒక్క రాయినైనా తొలగించేవారిగా చేయి. ఆమీన్.